గాజులూ గ్లోవ్సూ

డెంటల్ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లకి జీతం లేని కొలువు ఇంకొకటి ఉంటుంది, పెళ్లి ముహూర్తాల సలహాదారు కొలువు. థర్డ్ ఇయర్ ఫలితాలు రాగానే అది మొదలవుతుంది. అమ్మాయి నాన్నగారు వచ్చి కాసేపు మార్కుల సంగతి, కాసేపు హాస్టల్ తిండి సంగతి మాట్లాడి, కుర్చీలోంచి లేవబోతూ అసలు మాట బయటపెడతారు. "మంచి సంబంధం వచ్చింది మేడమ్. ఫైనల్ ఇయర్‌లో చేసేయొచ్చంటారా, హౌస్ సర్జన్సీ దాకా ఆగాలా?" సంబంధం వాళ్లు ఆగరట. అమ్మాయి పక్కనే నిలబడి ఏప్రాన్ గుండీ తిప్పుకుంటూ ఉంటుంది. మగపిల్లలూ మా దగ్గరే చదువుతారు. వాళ్లకీ పెళ్లిళ్లవుతాయి, పిల్లలు పుడతారు. ఇన్నేళ్లలో ఒక్క అబ్బాయి తండ్రి కూడా ఈ ప్రశ్న పట్టుకుని మా గది గుమ్మం ఎక్కలేదు.

లెక్క వేస్తే ఆడపిల్లల తండ్రుల కంగారు అర్థం కాకపోదు. ఇంటర్ అయ్యేసరికి 18 ఏళ్లు. నీట్ కోసం లాంగ్ టర్మ్ అంటూ ఒకటో రెండో ఏళ్లు కోచింగ్‌లో పోతాయి. బీడీఎస్ నాలుగేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. అంటే 24, 25. ఎండీఎస్ ఎంట్రన్స్‌కి మళ్లీ ఒక ఏడాది పుస్తకాలు ముందేసుకు కూర్చోవాలి, సీటొస్తే మూడేళ్లు. దారిలో ఒక్క సప్లిమెంటరీ కూడా తగలకపోతేనే 29కి పట్టా చేతికొస్తుంది. ఈలోగా గైనకాలజిస్టులు వాళ్ల లెక్క వాళ్లు చెబుతూనే ఉంటారు. పెళ్లి ఎక్కడ పెట్టినా ఏదో ఒక పరీక్షకి అడ్డం పడుతుంది. పురోహితులు పంచాంగం తిప్పి తారాబలం చూస్తారు గానీ, అందులో విజయవాడ హెల్త్ యూనివర్సిటీ వాళ్ల టైమ్‌టేబుల్ ఉండదు కదా.

పెళ్లి సంతలో బీడీఎస్‌కి గిరాకీ బాగానే ఉంది. పేరు ముందు డాక్టర్ అని వస్తుంది. నైట్ డ్యూటీలు పెద్దగా ఉండవు. అర్ధరాత్రి ఎవరూ తలుపు తట్టరు (పంటి పోటు వచ్చినవాళ్లకి తట్టాలనే ఉంటుంది, అది వేరే సంగతి). ఇంటి కింద పోర్షన్‌లో క్లినిక్ పెట్టుకుని సాయంత్రం నాలుగు గంటలు కూర్చుంటే ఇల్లూ నడుస్తుంది, వైద్యమూ నడుస్తుందని పెద్దల అంచనా. మా క్లాసుల్లో ఆడపిల్లలే ఎక్కువగా ఉండడంలో ఈ అంచనాకి కూడా వాటా ఉందని నా అనుమానం. పెళ్లయ్యాక ఇదే అంచనా అడ్డం తిరుగుతుంది. "దానిదేముంది, ఎప్పుడైనా మొదలుపెట్టుకోవచ్చు" అని అందరికంటే ముందు పక్కన పెట్టేది ఆ క్లినిక్‌నే.

ఇక్కడే నా పేచీ. పళ్ల వైద్యం పుస్తకాల్లో సగమే ఉంటుంది, మిగతా సగం వేళ్లలో ఉంటుంది. ఫస్ట్ ఇయర్ పిల్లలకి మైనం దిమ్మలిచ్చి పళ్లు చెక్కమంటాం. మొదటి వారాల్లో వచ్చేది ముద్ద. తర్వాత పన్ను పోలిక వస్తుంది. మిల్లీమీటర్ల కొలతకి సరిపడే పన్ను రావడానికి చాలా దిమ్మలు అరగాలి. ఆపైన ప్లాస్టర్ పోతలు, కట్టుడు పళ్ల అమరికలు, ఫాంటమ్ హెడ్ అనే బొమ్మ తల నోట్లో డ్రిల్లింగ్. ఆ తర్వాతే నిజమైన నోళ్లు. పన్ను తొలిచే ఎయిరోటర్ నిమిషానికి 3 లక్షలకి పైగా చుట్లు తిరుగుతుంది. పంటి పైపొర ఎనామెల్ బాగా దళసరిగా ఉన్న చోట కూడా రెండున్నర మిల్లీమీటర్లకి అటూ ఇటూ. ఎక్కడ ఆపాలో కన్ను పసిగట్టేలోపే వేలికి తెలియాలి. పై దవడ పళ్లయితే నోట్లో పెట్టిన చిన్న అద్దంలో చూస్తూ చెయ్యాలి, అందులో ముందు వెనకలు తారుమారు. కొన్ని నెలలు వదిలేసి వచ్చిన పిల్లని కుర్చీ దగ్గర నిలబెడితే అద్దం పట్టుకున్న ఎడమ చెయ్యే ముందు తడబడుతుంది. అనాటమీ మర్చిపోతే పిల్లాణ్ణి పడుకోబెట్టి రాత్రి కూర్చుని చదువుకోవచ్చు. చెయ్యి మర్చిపోయిందాన్ని అలా తెచ్చుకోలేం. దానికి డెంటల్ చైర్ కావాలి, కంప్రెసర్ కావాలి, నోరు తెరిచి పడుకునే మనిషి కావాలి. వీణ నేర్చి మానేసినవాళ్లకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది.

అందుకే "మధ్యలో ఆపి మళ్లీ చదువుకోవచ్చులే" అన్న మాట నాకు ఓదార్పుగా వినిపించదు.

ఒక ఏడాది ఫైనల్ ఇయర్ అమ్మాయి ఒకతె పెళ్లయిన వారంలోపే క్లినిక్ పోస్టింగ్‌కి వచ్చేసింది. మోచేతుల దాకా గోరింటాకు, మెడలో పచ్చి పసుపు తాడు, రెండు చేతుల నిండా గాజులు. పేషెంటు దగ్గరికి వెళ్లేటప్పుడు మోచేతి కింద నగ అనేది ఉండకూడదు, ఉంగరమైనా సరే. దాని సందుల్లో క్రిములు చేరతాయి, గ్లోవ్ చిరుగుతుంది. "గాజులు తీసి పెట్టమ్మా" అన్నాను. గిర్రున కళ్లనీళ్లు తిరిగాయి. పదహారు రోజుల పండగ దాకా చెయ్యి బోసిగా ఉండకూడదని అత్తగారు గడపలో నిలబడి మరీ చెప్పి పంపారట. నేను ఏదో అనబోయేలోపే మా ఆయమ్మ వచ్చి, గాజులన్నీ పైకి నెట్టి, కదలకుండా రోలర్ బ్యాండేజీ చుట్టి, మీద పొడుగు చేతుల గౌను తొడిగి, తాడు ఏప్రాన్ లోపలికి దోపేసింది. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ పుస్తకం రాసినవాళ్లు ఒప్పుకుంటారో లేదో గానీ ఆ పూటకి గండం గడిచింది. కుర్చీలో ఉన్న పెద్దావిడ ఫిల్లింగ్ అయ్యేదాకా ఓపిక పట్టి, పుక్కిలించి ఉమ్మి, ఆ పిల్ల చేతుల వంక చూసి అడిగింది. "ఏమ్మా, కొత్త పెళ్లికూతురివి, ఇంటికాడ ఉండక నా పుచ్చుపళ్లతో నీకేం పనే తల్లీ?"

"కోటా అవ్వలేదు మామ్మగారూ" అంది ఆ పిల్ల.

కోటా అంటే ఇన్ని ఫిల్లింగులు, ఇన్ని పళ్లు పీకడాలు, ఇన్ని కట్టుడు పళ్ల సెట్లు అని ప్రతి డిపార్ట్‌మెంటూ పెట్టే లెక్క. అది పూర్తయి రికార్డు మీద సంతకం పడితే తప్ప పరీక్షకి కూర్చోనివ్వరు. పెళ్లి సెలవులో జరిగిపోయిన రోజుల్ని కోటా క్షమించదు. ఆ అమ్మాయికి ఆ ఏడు ఆషాఢం మాత్రం కలిసొచ్చింది. అత్తా కోడళ్లు ఒకే గడప దాటకూడదన్న ఆచారం పుణ్యమా అని నెల్లాళ్లు పుట్టింట్లో కూర్చుని ఓరల్ సర్జరీ మొత్తం తిరగేసింది. మన ఆచారాల్లో చదువుకి పనికొచ్చేది ఇదొక్కటేనని మా డిపార్ట్‌మెంట్లో ఇప్పటికీ నవ్వుకుంటాం.

కడుపు పండాక వచ్చే కష్టం వేరు. ల్యాబ్‌లో కట్టుడు పళ్ల కోసం యాక్రిలిక్ పొడిలో కలిపే మోనోమర్ వాసన మామూలు మనిషికే తల తిప్పుతుంది, వేవిళ్ల మనిషి ఆ ల్యాబ్ ఉన్న వరండాలోకి కూడా రాలేదు. ఎక్స్‌రే తీసేటప్పుడు ఆరడుగుల దూరంలో, కిరణం వెళ్లే దారికి ఎదురు కాకుండా నిలబడాలి. వైవా కోసం బట్టీ పట్టిన ఆ సూత్రాన్ని నేను ఎండీఎస్ రెండో ఏడాదిలో, అడుగులు లెక్కపెట్టుకుంటూ పాటించాను. ఏడో నెల దాటాక పేషెంటు తలకీ నా చేతులకీ మధ్య నా పొట్టే అడ్డం. స్టూలు వెనక్కి జరిపితే నడుం పట్టేసేది, ముందుకి జరిగితే లోపలి వాడు తన్నేవాడు. ఆ రోజుల్లోనే నాలాగే నెలలు నిండుతున్న ఒకావిడ చిగుళ్లు వాచి నా దగ్గరికొచ్చింది. అలాంటివాళ్లని వెల్లకిలా పడుకోబెడితే గర్భసంచి బరువు పెద్ద సిర మీద పడి కళ్లు తిరుగుతాయి. అందుకని కుడి తుంటి కింద దిండు పెట్టి ఎడమకి ఒరిగించాను. "కాన్పుకో పన్ను పోతుందంటారు, నిజమేనాండీ?" అని అడిగింది. కాదు. కడుపులో బిడ్డ తల్లి పళ్లలోంచి కాల్షియం తోడుకోదు. హార్మోన్ల వల్ల చిగుళ్లు వాస్తాయి, వాంతుల్లోని ఆమ్లం ఎనామెల్‌ని తింటుంది, నీరసంతో బ్రష్ చేయడం తగ్గుతుంది, గర్భిణికి వైద్యం చేయకూడదేమోనని ఇంట్లోవాళ్లు ఆస్పత్రికి తీసుకురారు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా చాలా పనులు నిశ్చింతగా చేయించుకోవచ్చు. అదంతా చెప్పాను. చెప్పేది కూడా నిండు చూలాలే కాబట్టి నమ్మిందనుకుంటా.

ఫస్ట్ ఇయర్లో మమ్మల్ని ఏడిపించిన పట్టిక ఒకటుంది, ఏ పన్ను ఏ వారంలో మొదలవుతుంది, ఎప్పుడు గట్టిపడుతుంది, ఎప్పుడు చిగురు చీల్చుకొస్తుంది అని. గర్భంలో ఆరో వారానికే పళ్లకి పునాది పడుతుంది. నాలుగో నెలలో పాలపళ్లు గట్టిపడడం మొదలవుతుంది. పరీక్ష అయ్యాక మర్చిపోదామనుకున్న ఆ పట్టిక నాకు కడుపుతో ఉన్నప్పుడు వారం వారం గుర్తొచ్చేది. బిడ్డ పుట్టిన రోజున పాలపంటి ఎనామెల్‌లో ఒక గీత పడుతుంది. తల్లి కడుపులో తయారైన ఎనామెల్‌కీ బయటికొచ్చాక తయారైనదానికీ మధ్య సరిహద్దు అది. పన్నుని పల్చగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే కనిపిస్తుంది, నియోనేటల్ లైన్ అంటారు. మా వాడికి మొదటి పన్ను ఊడినప్పుడు దాన్ని కాలేజీకి పట్టుకెళ్లి చూడాలని నేనూ, ఇంటి కప్పు మీదకి విసరాలని మా అత్తయ్యగారూ పట్టుబట్టాం. ఆవిడే గెలిచారు. రెండో పన్నుకి నేను గెలిచాను. సన్నటి నల్లగీత, మా వాడి పుట్టినరోజు. పిల్లల్ని కనడం చదువుకి అడ్డమేనా అని ఎవరైనా అడిగితే, అడ్డమే అంటాను. కానీ ఆ చదువు నాకు అంత దగ్గరగా మరెప్పుడూ రాలేదు.

ఈ మాట ఇంత తీరిగ్గా చెప్పగలుగుతున్నానంటే మా అమ్మ వల్ల. నా కాన్పు తర్వాత ఊళ్లో ఇంటికి తాళం వేసి, పాడి గేదెని అమ్మేసి వచ్చింది. నా ఎండీఎస్ పూర్తయ్యేదాకా మా రెండు గదుల అద్దె ఇంట్లోనే ఉంది. నా పట్టా మీద ఆవిడ పేరు లేదు. నాకు తెలిసిన తల్లి అయిన ప్రతి పీజీ వెనకా ఇలా ఎవరో ఒక అమ్మో అత్తో ఉన్నారు. తల్లి భారం తగ్గిందని మనం మురిసిపోతాం గానీ, అది తగ్గలేదు, మరో ఆడమనిషి నెత్తికి మారింది, అంతే. మా ఆయన మంచివాడే. పాలడబ్బాలు తెచ్చేవాడు, ఫీజు కట్టేవాడు. రాత్రి పిల్లాడు లేస్తే మాత్రం ఆయనకి మర్నాడు ఆఫీసుండేది. నాకు ఉన్నది ఆఫీసు కాదేమో!

చదువు మధ్యలో ఆగినవాళ్లకి నిబంధనల్లో చోటు లేకపోలేదు. అయిదేళ్ల బీడీఎస్‌ని తొమ్మిదేళ్లలోపు ముగించవచ్చని డెంటల్ కౌన్సిల్ 2007 నిబంధనలు చెబుతాయి. హాజరు 75 శాతం మాత్రం ఉండి తీరాలి. ఉద్యోగం చేసే ఆడవాళ్లకి 2017 చట్ట సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. 50 మంది, అంతకి మించి పనిచేసే చోట పసిపిల్లల్ని ఉంచే క్రెష్ ఉండాలన్నది కూడా ఆ సవరణలోదే. విద్యార్థిని ఉద్యోగిని కాదు గనక అదేదీ ఆమెకి తగలదు. 2021 డిసెంబరులో యూజీసీ, విద్యార్థినులకి ప్రసూతి సెలవు, హాజరు మినహాయింపు ఇచ్చేలా నియమాలు పెట్టుకోమని యూనివర్సిటీలకి రాసింది. మంచి మాటే. అయితే సెలవు ఇస్తే హాజరు గొడవ తీరుతుంది, చెయ్యి గొడవ తీరదు. బాలింతకి కావలసింది ఇంట్లో కూర్చునే ఆరు నెలలు మాత్రమే కాదు, ఆ తర్వాత బిడ్డని దగ్గర్లో ఉంచుకుని రోజుకి రెండు గంటలు పనిచేసుకునే వీలు.

అది ఎలా ఉంటుందో ఒకసారి చూశాను. మా పీజీ అమ్మాయి మావగారు, ఆర్టీసీలో పనిచేసి రిటైరైన మనిషి, రోజూ పన్నెండున్నరకి ఆటోలో మనవరాలిని తీసుకొచ్చి కాలేజీ గేటు పక్క వేపచెట్టు కింద కూర్చునేవారు. ఒక చేత్తో పిల్ల, ఇంకో చేత్తో వేణ్ణీళ్ల ఫ్లాస్కు. కోడలు గ్లోవ్స్ తీసి చేతులు కడుక్కుని పరుగున వచ్చి, లేడీస్ వెయిటింగ్ రూమ్‌లో పాలిచ్చి, మళ్లీ రెండింటికి పేషెంటు దగ్గరుండేది. వాచ్‌మన్ మొదట్లో గేటు లోపలికి రానివ్వలేదు, తర్వాత కుర్చీ తెచ్చి వేశాడు. ఆ మావగారు ఆడపిల్లల చదువు గురించి ఉపన్యాసం ఇవ్వగా నేను వినలేదు. కోడలి థీసిస్ టాపిక్ ఏమిటో మాత్రం ఆయనకి తెలుసు.

పళ్ల వైద్యం పట్టా పుచ్చుకున్న మొదటి అమెరికన్ మహిళ లూసీ హాబ్స్ కథ నేను క్లాసులో చెబుతుంటాను. ఆడదానివని కాలేజీ చేర్చుకోకపోతే విడిగా పని నేర్చుకుని, ఊళ్లలో ప్రాక్టీసు చేసి పేరు తెచ్చుకుని, చివరికి ఒహాయో డెంటల్ కాలేజీలోనే 1866లో పట్టా తీసుకుంది. ఆ మరుసటి ఏడాది జేమ్స్ టేలర్ అనే రైల్వే ఉద్యోగిని పెళ్లి చేసుకుంది. పెళ్లయ్యాక ఆవిడ ప్రాక్టీసు మానలేదు. ఆయనే రైల్వే పని మానేసి, ఆవిడ దగ్గర పళ్ల వైద్యం నేర్చుకున్నాడు. ఇద్దరూ కాన్సస్‌లోని లారెన్స్ ఊరికి మారి పక్కపక్కన కుర్చీలేసుకుని ప్రాక్టీసు చేశారు. ఇది చెప్పగానే క్లాసులో ఆడపిల్లలు చప్పట్లు కొడతారు, మగపిల్లలు నవ్వుతారు. మన వైపు కథ ఇంత హాయిగా ఉండదు. మహమ్మద్ అలీ జిన్నా చెల్లెలు ఫాతిమా జిన్నా కలకత్తాలో డెంటిస్ట్రీ చదివి 1923లో బొంబాయిలో సొంత క్లినిక్ తెరిచారు. 1929లో వదినగారు పోయాక, అన్నగారి ఇల్లు చూసుకోవడానికి ఆ ప్రాక్టీసు వదిలేశారు. ఆవిడ పెళ్లే చేసుకోలేదు. క్లినిక్‌ని మింగేది పెళ్లి అనుకుంటాం గానీ, ఇల్లు ఎవరిదైనా ఆ పని చేయగలదు.

ఈ రోజుల్లో మా పిల్లల్లో చాలామందికి ఆ ఇల్లు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటోంది. మన బీడీఎస్ పట్టాతో అక్కడ నేరుగా ప్రాక్టీసు పెట్టడం కుదరదు. అక్కడి డెంటల్ బోర్డు పరీక్ష ఐఎన్‌బీడీఈ రాయాలి. సాధారణంగా అక్కడి కాలేజీలో మళ్లీ రెండు మూడేళ్లు చదివి డీడీఎస్సో డీఎండీయో తెచ్చుకోవాలి. ఫీజు చెబితే ఇక్కడ ఊళ్లో పొలం అమ్మినా చాలదు. హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వెళ్లినవాళ్లకి మామూలుగా ఉద్యోగం చేసే వీలుండదు. భర్త గ్రీన్ కార్డు కాగితాలు ఒక దశ దాటితే వర్క్ పర్మిట్ ఇవ్వడం 2015 నుంచి మొదలైంది. ఈ కాగితాల మధ్యే ఒక బిడ్డ పుడుతుంది, ఒక్కోసారి ఇద్దరు. సీటిచ్చే ముందు కొన్ని కాలేజీలు బెంచ్ టెస్ట్ పెడతాయి, ప్లాస్టిక్ పన్ను ఇచ్చి తమ కళ్లముందే క్రౌన్‌కి చెక్కమంటాయి. మళ్లీ చెయ్యే!

మా పాత స్టూడెంటు ఒకమ్మాయి ఒకరోజు వీడియో కాల్ చేసింది. ఇక్కడ మిట్టమధ్యాహ్నం, అక్కడ అర్ధరాత్రి దాటింది. డైనింగ్ టేబుల్ అంచుకి క్లాంపుతో బిగించిన బొమ్మ దవడ, పక్కన చిన్న మోటారు, దాని పక్కన పాప నిద్ర కనిపెట్టే మానిటర్. "మార్జిన్ చూడండి మేడమ్" అని చెక్కిన పంటి అంచు కనిపించేలా ఫోను దగ్గరగా పెట్టింది. వెలుతురు చాలలేదంటే ఎవరిదో చెయ్యి టార్చి పట్టుకుని ముందుకొచ్చింది. అల్లుడుగారు. "డిస్టల్ వైపు కొంచెం ఎగుడుదిగుడుగా ఉందనుకుంటానండీ, నేనూ చెప్పాను" అన్నాడు. సాఫ్ట్‌వేర్ పిల్లాడు. ఆ నోట డిస్టల్ అన్న మా పళ్లవాళ్ల మాట విని నాకు ముచ్చటేసింది. మార్జిన్ నిజంగానే బాగాలేదు, మళ్లీ చెయ్యమన్నాను. ఈలోగా పాప లేచింది. అతనే వెళ్లాడు.

అందుకని ముహూర్తం అడగడానికి వచ్చే తండ్రులకి నేనిప్పుడు ఏ సంవత్సరం మంచిదో చెప్పడం మానేశాను. ఫైనల్ ఇయర్‌లో పెళ్లయి గోల్డ్ మెడల్ కొట్టినవాళ్లనీ చూశాను, అన్నీ ముగించుకుని 30కి చేసుకుని మర్నాటి నుంచి డ్రిల్లు ముట్టనివాళ్లనీ చూశాను. ప్రిన్సిపాళ్లకి మాత్రం ఒక మనవి. ఉద్యోగుల కోసం చట్టప్రకారం పెట్టాల్సిన క్రెష్ గది మీ దగ్గర ఉంటే, అందులో నాలుగు ఉయ్యాలలు స్టూడెంట్ల పిల్లలకి కూడా వదలండి. లేకపోతే ముందు గది పెట్టండి.

ఇక అమ్మాయి తండ్రులకి. సంబంధం మాట్లాడే రోజున ఉద్యోగం, జీతం, వీసా, సొంత ఇల్లు అన్నీ అడుగుతారు కదా, దాంతోపాటు ఇంకొకటి అడగండి. రేపు బిడ్డ పుట్టాక మా అమ్మాయి క్లినిక్‌లో ఉండే రోజుల్లో ఆ బిడ్డ ఎవరి చేతుల్లో ఉంటుంది? లగ్నపత్రిక రాయకముందే తేల్చుకోండి. ఆ మాట అబ్బాయినే అడగండి, వాళ్లమ్మగారిని కాదు.